రాయడానికి వీల్లేని భాష

మా రోజుల్లో పత్రికాఫీసు డెస్కులో ఒక వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "ఆయన రాయడానికి వీల్లేని భాషలో దూషించారు." అంతే. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నవి పైన ఉండేవి. ఏమని తిట్టాడన్నది పాఠకుడి ఊహకు వదిలేసేవాళ్లం. ఆ ఊహకు లోటేం లేదు లెండి, తెలుగువాడికి ఆ మాత్రం తిట్లు రాకుండా ఉంటాయా! పొద్దున్నే పత్రిక ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదనేవాడు మా చీఫ్ సబ్ ఎడిటర్. చూపు ఆనని తాతలకు మనవరాళ్లు పెద్దగా చదివి వినిపించే ఇళ్లు చాలా ఉండేవి. ఆ పిల్ల చదువుతూ చదువుతూ ఆగిపోయే ముక్క మన కాపీలో ఉండకూడదని ఆయన పట్టుదల.

ఇప్పుడా వాక్యానికి పనే లేదు. బూతు బూతుగానే వస్తోంది. టీవీవాళ్లు మీద 'బీప్' వేస్తారు, అదీ మొదటి అక్షరం, చివరి అక్షరం చక్కగా వినబడేట్టు. యూట్యూబుకి ఆ శ్రమ కూడా లేదు. పసుపు అక్షరాలు, ఎర్ర బాణం, పక్కన కళ్లెర్రజేసిన నాయకుడి బొమ్మ, "ఉతికి ఆరేసిన మంత్రి", "చెడుగుడు ఆడేసిన ఎమ్మెల్యే", "మాస్ వార్నింగ్". చాదస్తం కొద్దీ తెరిచి చూశాను. ఉతికిందీ లేదు, ఆరేసిందీ లేదు. ఎదుటివాడి తల్లిని తిట్టాడు.

మీకు మా కాలం సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో ఊళ్లనుంచి వార్తలు మాకు ఆర్టీసీ బస్సుల్లో వచ్చేవి. కంట్రిబ్యూటరు సాయంత్రానికి వార్త రాసి, ప్రెస్ కవర్లో పెట్టి, డ్రైవరు చేతికిచ్చేవాడు. మా అటెండరు బస్టాండులో కాపు కాసి, వచ్చిన బస్సల్లా ఎక్కి, కవర్లు ఏరుకొచ్చేవాడు. ఒకరోజు పల్నాడు వైపునుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. అక్కడి ప్రజాప్రతినిధి ఒకాయన ఇరిగేషన్ ఇంజినీరును సాగర్ కుడికాలువ మేజరు గట్టుమీద నిలబెట్టి, జనం ముందు తిట్టిన వార్త. కంట్రిబ్యూటరు కుర్రాడు కొత్తవాడు, నిజాయితీపరుడు. తిట్లన్నీ వరుస తప్పకుండా, ఒత్తులతో సహా రాసి పంపాడు. మా చీఫ్ సబ్ ఎర్రసిరా పెన్ను తీసి తిట్లన్నీ కొట్టేశాడు. ఆ కాగితం అడుగున రెండు వాక్యాలు రాసి, మర్నాడు అదే బస్సులో తిప్పి పంపాడు. "తిట్లు అందాయి. చివరి భూములకు నీళ్లు అందాయో లేదో రాయలేదు."

కుర్రాడు వెళ్లి చూశాడు. నీళ్లు అందలేదు. షట్టరు తుప్పుపట్టి దిగడంలేదు, పైవాళ్లు తోడుకోగా మిగిలింది కిందికి వస్తోంది, లస్కరు పోస్టు ఖాళీగా ఉంది. అదీ వార్త. మూడు కాలాల్లో వచ్చింది. తిట్టిన సంగతి చివర్లో ఒకే ఒక్క ముక్క, మన 'వీల్లేని భాష' ముక్క. ఆ ప్రజాప్రతినిధికి కోపం వచ్చింది. తిట్లు వేయలేదని కాదు, షట్టరు గురించి వేశారని. నాకప్పుడు అర్థం కాలేదుగాని, పోనుపోను తెలిసింది: నాయకుడు తిట్టేది చాలాసార్లు కోపం వచ్చి కాదు, సమాధానం లేక. తిట్టు మీదికి జనం ఎగబడతారు, అసలు ప్రశ్న కింద నలిగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే 2021 అక్టోబరు గుర్తు తెచ్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి మీద మాటల యుద్ధం నడుస్తోంది. విశాఖ మన్యంనుంచి సరుకు ఎక్కడెక్కడికో పోతోందని ప్రతిపక్షం అంటోంది. మాట్లాడిన నాయకుడికి పోలీసులు నోటీసు ఇచ్చారు. ఇంతవరకూ రాజకీయమే. ఆ నెల 19న తెలుగుదేశం అధికార ప్రతినిధి ఒకరు విలేకరుల సమావేశంలో ముఖ్యమంత్రిని ఉద్దేశించి ఒక తిట్టు వాడారు. అదేరోజు మంగళగిరిలో ఆ పార్టీ కేంద్ర కార్యాలయం మీద గుంపు పడి అద్దాలు, కుర్చీలు పగలగొట్టింది. తర్వాత ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఒక అధికారిక కార్యక్రమంలో ఆ తిట్టుకు అర్థమేమిటో మైకులో విడమర్చి చెప్పారు. అప్పటిదాకా ఆ మాట తెలియని ముసలమ్మలకు కూడా తెలిసిపోయింది. ఇళ్లలో, హోటళ్లలో, రైళ్లలో ఆ మాట ఏ భాషనుంచి వచ్చిందన్నదే చర్చ. మరి గంజాయి? దాని గురించి అడిగినవాడు లేడు. తిట్టినవాళ్లు నష్టపోయారా, తిట్టించుకున్నవాళ్లు నష్టపోయారా అన్నది మీరు తేల్చుకోండి. గంజాయి మోసేవాడికి మాత్రం ఆ వారం హాయిగా గడిచి ఉంటుంది.

ఇదంతా విని మా పక్కింటి కుర్రాడు, "బాబాయ్ గారూ, మీ రోజుల్లో మాత్రం అందరూ సంధ్యావందనం చేసుకుని అసెంబ్లీకి వచ్చేవారా ఏంటండీ?" అన్నాడు. వచ్చేవారు కాదు నాయనా. కొట్లాటలుండేవి, కాగితాలు విసురుకోవడాలుండేవి. గోడల మీద రాతలు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయితే దేనికి సిగ్గుపడాలో అప్పట్లో పెద్దసభలకు తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు. 1983 మార్చిలో శాసనమండలిలో జరిగిన రగడకు 'ఈనాడు' పత్రిక "పెద్దల గలభా" అని శీర్షిక పెట్టింది. గలభా! మా ఇంట్లో పిల్లలు క్యారమ్స్ ఆడుతుంటే మా అమ్మ వాడే మాట. దాంతో మండలి గౌరవానికి భంగం కలిగిందని సభాహక్కుల ఉల్లంఘన కింద తీసుకున్నారు. 1984లో ఎడిటర్ రామోజీరావును సభ ముందు హాజరుపరచడానికి పోలీస్ కమిషనర్ బయలుదేరేదాకా, సుప్రీంకోర్టు అడ్డుకునేదాకా వెళ్లింది వ్యవహారం. మా డెస్కులో అందరం నవ్వుకున్నాం, పత్రికాస్వేచ్ఛ అని గుండెలు బాదుకున్నాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ పెద్దల మీద జాలి, కొంచెం గౌరవం రెండూ కలుగుతున్నాయి. గలభా అన్నందుకే నొచ్చుకున్న సభ అది. మరుసటి సంవత్సరమే, 1985లో, ఆ మండలే రద్దయిపోయింది. మళ్లీ వచ్చేసరికి 2007 అయింది.

గట్టిగా మాట్లాడడం వేరు, బూతు వేరు. శాసనసభను తరిమెల నాగిరెడ్డి అన్నంత మాట ఇంకెవరన్నారు? 1969లో ఆ సభ పేదవాడికి పనికిరాదని తేల్చిచెప్పి రాజీనామా ఇచ్చి బయటికి నడిచారు. ఆ ప్రసంగం నేను తర్వాత అచ్చులో చదివాను. సభను ఇంత కఠినంగా కడిగిన ప్రసంగం మరొకటి ఉందనుకోను. అందులో కొట్టేయడానికి మా చీఫ్ సబ్‌కి ఒక్క ముక్క దొరికేది కాదు. ముతక ఖద్దరులో వచ్చే వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లినుంచి పార్టీ అండ లేకుండా గెలుస్తూ వచ్చారు. ఎన్టీ రామారావు 1982లో చైతన్యరథం ఎక్కి కాంగ్రెస్ మీద నిప్పులు కురిపించారు. కురిపించినా ఆ గుంపులో నిలబడ్డ ఆడవాళ్లను ఆడపడుచులని పిలిచే గొంతుతోనే కురిపించారు. ఆడపడుచులు వింటున్నారన్న స్పృహ ఉన్నప్పుడు కొన్ని మాటలు నోట్లోకి రావు.

ఇంకోటి, 'గారు'. ఎన్నికల సభలో ప్రత్యర్థిని చీల్చి చెండాడాక కూడా "ఫలానా గారు" అనేవాళ్లు. ఇప్పుడు మొదలే "వాడు", "వీడు", "రేయ్". ఏకవచనంనుంచి బూతుకి ఎంతో దూరం లేదు, సందు చివర మలుపే. "ఏం పీకుతావ్" అన్న మాట మా చిన్నప్పుడు పేకాట పాక దగ్గర వినబడితే మమ్మల్ని చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేవాళ్లు. ఇప్పుడు దాన్ని విలేకరుల సమావేశంలో ప్రశ్నకు జవాబుగా వాడుతున్నారు.

సభలో అన్నమాటకు కోర్టులో కేసు వేయడానికి లేదు. రాజ్యాంగం 194వ అధికరణం శాసనసభ్యుడికి ఆ రక్షణ ఇచ్చింది, పార్లమెంటు సభ్యుడికి 105వది. నిజం చెప్పడానికి భయపడకూడదని ఇచ్చిన రక్షణ అది. హద్దు మీరితే సభాపతి ఆ మాటను రికార్డునుంచి తీయిస్తారు, ఆ చోట చుక్కలు పడతాయి. ఒకప్పుడు ఆ చుక్కలకు విలువుండేది. పట్నాలోని 'సెర్చ్‌లైట్' పత్రిక 1957లో బీహార్ శాసనసభలో తొలగించమన్న ముక్కలతో సహా ఒక ప్రసంగం అచ్చువేసి, సభాహక్కుల నోటీసు అందుకుంది. ఎడిటర్ సుప్రీంకోర్టుదాకా వెళ్లినా కోర్టు సభవైపే నిలిచింది. మా తరం సబ్ ఎడిటర్లకు ఆ కేసు పేరు చెబితే చాలు, కాపీ మళ్లీ ఒకసారి చదువుకునేవాళ్లం. మరిప్పుడో? 2023 సెప్టెంబరులో లోక్‌సభలో చంద్రయాన్ మీద చర్చ జరుగుతుంటే (చంద్రయాన్ మీదండీ, దేశమంతా పండగ చేసుకుంటున్న విషయం మీద) అధికారపక్ష సభ్యుడొకరు తోటి సభ్యుణ్ణి మతం పేరుతో బూతులు తిట్టారు. రికార్డునుంచి తీసేశారు. తీసేసేలోగా దేశమంతా ఫోన్లలో చూసేసింది. రికార్డు శుభ్రంగా ఉంది, ఊరే కంపుకొడుతోంది.

ఇక్కడ మా తరం గొప్పలకు ఒక అడ్డుపుల్ల వేయక తప్పదు. సభల్లో మర్యాద ఉన్నమాట నిజమే. ఊళ్లో ఉందా? మా ఊరి మునసబు నోరు తెరిస్తే పాలేళ్లు, వెట్టివాళ్లు తలొంచుకు నిలబడేవారు. కులం పేరు, తల్లి పేరు కలిపి ఒక్క ఊపున అనేవాడు. అదే మనిషి కరణంగారింటి అరుగు మీద కూర్చుంటే ఎంత మెత్తని మాట, ఎంత 'అండీ'! తెలంగాణలో దొరల గడీల ముందు ఏం భాష నడిచేదో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు. కాబట్టి అప్పట్లో బూతు లేదనడం అబద్ధం. కింద ఉన్నవాడి మీద పడేది, అతను తిరిగి అనలేడు గనక పత్రికకెక్కేది కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. తమాషా చూడండి, మా మునసబుకి ఆ సంక్రాంతి లోపే పాలేళ్లను "ఏరా" బదులు "ఏమయ్యా" అనడం అలవాటైపోయింది. డెబ్బై ఏళ్ల స్వభావం వారంలో మారిందంటే అది స్వభావం కాదన్నమాట. కుర్చీ.

అందుకే మామూలు మనిషి తిట్టుకూ నాయకుడి తిట్టుకూ పోలిక లేదంటాను. రిక్షా తొక్కేవాడు ట్రాఫిక్‌లో విసుక్కుని ఒక మాటంటే అది గాలిలో పోతుంది. ఎదుటివాడూ ఒకటంటాడు, చెల్లుకు చెల్లు. నాయకుడి నోట వచ్చింది కింది అరడజను మందికి అనుమతి పత్రం అవుతుంది.

మొన్న వానలకు మా వీధిలో డ్రైనేజీ పొంగింది. వార్డు నాయకుడొకడు వచ్చాడు. వెంట నలుగురు, నలుగురిలో ఒకడి చేతిలో ఫోను. ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరుతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, మ్యాన్‌హోల్ మూత ఎక్కడ, జెట్టింగ్ బండి ఎప్పుడొస్తుంది అని. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఫోనున్నవాడు చెయ్యి పైకెత్తాడు. నాయకుడు ఓరగా అటు చూశాడు. కాలరు సర్దుకున్నాడు. అప్పుడు పెంచాడు గొంతు. ఆ ఇన్‌స్పెక్టరు పిల్లలు ఇంట్లో చూస్తారేమోనన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆ తిట్టు ఎక్కడో విన్నట్టే ఉందనిపించింది. ఉండదూ, టీవీలో ఒక పెద్దనాయకుడు అన్నదే, అదే విరుపు, అదే చెయ్యి ఊపడం. వీడియో అయిపోగానే ఫోను దిగింది, నాయకుడి గొంతూ దిగింది. వాళ్లు వెళ్లారు. ఇన్‌స్పెక్టరు మేస్త్రీ మీద ఎగిరాడు. మేస్త్రీ వెళ్లి, మోకాలి లోతు మురుగులో దిగి చెత్త తీస్తున్న మనిషి మీద అరిచాడు, అవే మాటలు. ఆవిడ పార చేత్తో పట్టుకుని ఒకసారి పైకి చూసి, మళ్లీ పనిలో పడింది. జెట్టింగ్ బండి మూడోరోజు వచ్చింది.

ఆ మాటలన్నీ ఆడవాళ్ల మీదే ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? తిట్టేది మగవాడు, తిట్టించుకునేది మగవాడు, దెబ్బ తగిలేది వాళ్లమ్మకో, పెళ్లానికో, అక్కకో. ఆ తగువుకీ ఆవిడకీ సంబంధం ఉండదు, ఆవిడ ఆ గదిలోనే ఉండదు. 2021 నవంబరు 19న ప్రతిపక్షనేతగా ఉన్న చంద్రబాబునాయుడు తన భార్యను సభలో కించపరిచారంటూ, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని శాసనసభనుంచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం విలేకరుల ముందు ఏడ్చారు. అధికారపక్షం తాము అలా అననే లేదంది. ఎవరేమన్నారో తేల్చే పని నాది కాదు. నలభై ఏళ్ల పైచిలుకు రాజకీయం చూసిన మనిషి విలేకరుల ముందు ఏడ్చిన దృశ్యాన్ని కూడా పాటకట్టి, ఎగతాళి చేసి రీల్సుగా తిప్పుకున్న జనాన్ని చూశాను. అది నాకు ఎక్కువ బాధ కలిగించింది.

పట్టుబడ్డప్పుడల్లా నాయకులకు ఒక సాకు ఉంటుంది: "అది మా యాస." 2024 ఏప్రిల్‌లో సిరిసిల్లలో కేసీఆర్ కాంగ్రెస్‌వాళ్లను అన్న మాటల మీద ఎన్నికల సంఘం నోటీసిచ్చింది. తెలంగాణ మాండలికం అధికారులకు అర్థం కాలేదని ఆయన జవాబు. సంఘం ఆ జవాబు ఒప్పుకోలేదు, మే 1 రాత్రినుంచి 48 గంటలు ప్రచారం చేయకూడదంది. శిశుపాలుడి తప్పులు వందదాకా లెక్కపెట్టడానికి కృష్ణుడుండేవాడు. మన ఎన్నికల సంఘం లెక్క మొదలుపెట్టేసరికి సగం ప్రచారం అయిపోతుంది. శిక్ష చిన్నదా పెద్దదా అన్నది పక్కనబెట్టండి. ఆ సాకు వింటే నాకు ఒళ్లు మండుతుంది. కేసీఆర్‌కి తెలుగు రాదా? పద్యం, సామెత, శాస్త్రం కలిపి గంటన్నర మాట్లాడి జనాన్ని కూర్చోబెట్టగల నాయకులు ఆయన తరంలో ఎంతమంది? అలాంటి మనిషి యాసను అడ్డం పెట్టుకోవాలా? నేను వరంగల్‌లో కొంతకాలం పనిచేశాను. అక్కడ మా ఇంటి యజమానురాలు నన్ను "సారూ, తిన్నరా" అని అడగకుండా ఒక్క రాత్రీ తలుపేసుకోలేదు. ఆ యాసలో ఉన్న మర్యాద మా కోస్తా 'అండీ'లో లేదు. బూతు మాట్లాడేవాడి యాస బూతు, అది ఏ జిల్లాదీ కాదు.

మరి ఇంకో వైపు చూడండి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను పోలీసులు అరెస్టు చేశారు. ముఖ్యమంత్రిని ఒక సామాన్యుడు తిట్టిన వీడియోను వాళ్ల ఛానల్ పెట్టిందని. ఆ వీడియోలో మాటలు నాకూ నచ్చవు, నేనైతే వేసేవాణ్ని కాను. ఆ తర్వాత కొద్దిరోజులకే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో, జర్నలిస్టుల ముసుగులో హద్దు మీరేవాళ్లను బట్టలూడదీసి కొడతామన్న ధోరణిలో హెచ్చరించారు. కింద ఉన్నవాడు తిడితే కేసు, పైన ఉన్నవాడు అంటే హెడ్డింగు. మా మునసబుకి ఈ కాలం చూపించి ఉంటే ఎంత సంబరపడేవాడో.

"జనానికి ఇదే నచ్చుతోందండీ" అంటాడు పక్కింటి కుర్రాడు. మనసులో ఉన్నది దాచుకోకుండా అనేస్తారట, అదొక నిజాయితీ అట. మనసులో ఉన్నది అనేయడమే నిజాయితీ అయితే ఆస్తుల లెక్క కూడా అలాగే అనేయొచ్చు కదా, దానికి మాత్రం చార్టర్డ్ అకౌంటెంట్ కావాలి. 1974 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన టేపుల నకళ్లు 1,200 పేజీలకు పైగా విడుదల చేశాడు. తిట్టున్న ప్రతిచోటా 'తిట్టు తొలగించాం' అని రాసి ఉంది. టెలిప్రింటర్ మీద ఆ వార్త వస్తుంటే డెస్కంతా మూగింది. ఓట్లు వేసిన పెద్దమనుషులు ఆ తొలగింపులు చూసి దిమ్మెరపోయారట. ఆ మనిషి నాలుగ్గోడల మధ్య, తన సొంత గదిలో, తన మనుషులతో అన్న మాటలవి. మనవాళ్లు మైకు సరిచూసుకుని అంటున్నారు.

నచ్చుతోందన్నది కూడా పూర్తి నిజం కాదు. చూడడం వేరు, నచ్చడం వేరు. రోడ్డు మీద ఇద్దరు కొట్టుకుంటుంటే బస్సు దిగి మరీ చూస్తాం, ఆ ఇద్దరిలో ఒకడికి పిల్లనిస్తామా?

రిటైరై ఇన్నేళ్లయినా పొద్దున పత్రిక చేతికి రాగానే వేలు ఎర్రపెన్ను కోసం వెతుక్కుంటుంది. నిన్న ఒక మంత్రిని విలేకరి కాలువ మరమ్మతుల గురించి అడిగితే ఆయన నోరు చేసుకున్నాడు. పత్రిక బాక్సు కట్టి వేసింది, నాలుగు కాలాలు, ఫొటోతో. కాలువ ఏదో, అడిగిన ప్రశ్న ఏమిటో వెతికితే చివరి పేరాలో దొరికింది. నేనే డెస్కులో ఉంటే సింగిల్ కాలమ్, ఫొటో లేకుండా, ఇలా ఇచ్చేవాణ్ని: "కాలువ మరమ్మతులు ఎప్పటికి పూర్తవుతాయని విలేకరులు మంత్రిని ప్రశ్నించారు. ఆయన సమాధానం చెప్పలేదు. గత ఏడాది మంజూరైన నిధుల్లో ఎంత ఖర్చయిందన్న ప్రశ్నకూ సమాధానం చెప్పలేదు. రాయడానికి వీల్లేని భాషలో మాట్లాడి వెళ్లిపోయారు."